పాలకెవరూ చెప్పలేదు

శనివారం పొద్దున రోజెల్ చొక్కా ఇస్త్రీ చేస్తూ వెర్లీన్ తనలో తను గొణుక్కుంది. "ఇస్త్రీ పెట్టె నయం. వైరు పీకేస్తే చల్లారుతుంది."

వంటింటి బల్ల దగ్గర కాఫీ తాగుతున్న రోజెల్ తలెత్తాడు. "ఆగాగు. అదేంటే, ఇంకోసారి అను."

"ఏం లేదు."

"ఏం లేదంటావేంటి, బంగారం లాంటి మాట! ఇస్త్రీ పెట్టె నయం, వైరు పీకేస్తే..." అతని పెదవులు కదులుతూనే ఉన్నాయి. వేళ్ళు బల్ల మీద తాళం వేస్తున్నాయి. కాఫీ సగంలో వదిలేసి, గిటారున్న ముందుగదిలోకి వెళ్ళిపోయాడు. కాసేపటికి గోడ అవతలి నుంచి ఆమె మాటే తీగల మీద సాగుతూ వినిపించింది. వెర్లీన్ కాలరు తిరగేసి మళ్ళీ ఇస్త్రీ తోమింది. స్టేజీ మీద వెలుగు ముందు కాలరు మీదే పడుతుందని రోజెల్ నమ్మకం. కాలరు నలిగితే పాట నలిగినట్టేనంటాడు.

వినే మొగుడు దొరకడం అదృష్టమని స్లేడ్స్‌బెండ్ ఊళ్ళో ఆడవాళ్ళంతా అంటారు. చేపల ఫ్యాక్టరీలో, కత్తులు పట్టుకుని వరసగా నిలబడి చెరువు చేపల తోలు ఒలుస్తూ, వాళ్ళు చెప్పుకునేదంతా వినని మొగుళ్ళ గురించే. "నేనొకటి చెబితే మా ఆయనకి అదే టైముకి నిద్రొస్తుంది" అంటుంది ఒకామె. "నీకేమమ్మా, నువ్వు తుమ్మినా నీ మొగుడు చెవొగ్గి వింటాడు" అని వెర్లీన్ పక్కన నిలబడే లూవెనియా దెప్పుతుంది. అది నిజమే. అబద్ధమైతే వెర్లీన్‌కి ఇంత కష్టం ఉండేది కాదు.

ఆమె రోజెల్‌ని ఇష్టపడిందే అందుకు. ఆమె తండ్రి, దుకాణాల మీద పేర్లు, చర్చి గోడల మీద వాక్యాలు రాసే పెయింటరు. ఆయన బతుకంతా అక్షరాలే గానీ, కూతురు మాట్లాడితే కుంచె మీంచి చూపు తిప్పేవాడు కాదు. అన్నదమ్ములు "ఊరుకో" అనేవాళ్ళు. అలాంటి ఇంట్లోంచి వచ్చిన పిల్లని, ఊరి చివర ప్లూమా పాటల హోటల్లో ఒక కుర్రాడు గిటారు పక్కన పెట్టి, "ఇందాక నువ్వేదో అన్నావే, మళ్ళీ అను" అని అడిగాడు. పుట్టి బుద్ధెరిగాక ఆమె మాటని రెండోసారి కావాలన్నవాడు అతనొక్కడే. పెళ్ళయిన కొత్తలో తన మాట మొదటిసారి పాటలో వచ్చినప్పుడు, జనం వెనకాల పొయ్యి పక్కన నిలబడి ఆమె సంబరంగా నవ్వింది. అతను పాడుతూనే కన్ను గీటాడు. ఇది మనిద్దరిదీ అన్నట్టుంది ఆ చూపు. అలాగే అనుకుని చాలా ఏళ్ళు గడిపింది.

ఒకసారి అత్త మీద ఒళ్ళుమండి, "ఈవిడ నోట్లో పళ్ళు లేవు గానీ కొరకడం మాత్రం మానలేదు" అంది. వారం తిరక్కుండా అది ప్లూమా హోటల్లో పాటైపోయింది. జనం బల్లలు చరిచి మరీ నవ్వారు. ఆదివారం చర్చిలో వెనక బెంచీల వాళ్ళు నవ్వాపుకుంటూ మూతులు మూసుకున్నారు. అత్తని ఊరంతా మదర్ టూమర్ అని పిలుస్తారు, ముందు వరసలో తెల్ల టోపీతో కూర్చునే పెద్దావిడ. ఆవిడ కొడుకుని పల్లెత్తు మాట అనలేదు. ఇంటికొచ్చి, టోపీ తీసి, కోడలితో అంది: "వాడి నోట్లోంచి వచ్చినా ఆ మాట నీ వంటింట్లో ఉడికిందే. నాకు వాసన తెలుసు."

వెర్లీన్ ఏడుస్తూ మొగుణ్ణి నిలదీసింది. "పాటే కదే! పాటని పట్టుకుని ఏడుస్తారా ఎవరైనా?" అని అతను ముద్దు చేశాడు.

మెంఫిస్ నుంచీ, సముద్రాల అవతలి నుంచీ టేపు రికార్డర్లు మోసుకుని మనుషులు రావడం మొదలెట్టాక వరండాలో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండేవారు. "ఇంత లోతైన మాటలు మీకెక్కణ్ణుంచి వస్తాయి?" అని అడిగేవారు. "పత్తి చేల గట్టున నడుస్తుంటే గాల్లోంచి వస్తాయి బాబూ" అనేవాడు రోజెల్, కళ్ళు సగం మూసి. అప్పుడు వేయించిన చేపలూ మొక్కజొన్న రొట్టెలూ పళ్ళెంలో పెట్టుకుని ఆ గాలే తలుపు తోసుకుని వచ్చేది. గాలి వాళ్ళకి వడ్డించి, ఎంగిలి పళ్ళేలు తీసుకుని లోపలికి వెళ్ళిపోయేది.

ఊరి ఉత్సవ కమిటీ నడిపే మిసెస్ గాడిస్ అలా ఒక భోజనానికి వచ్చినప్పుడే వెర్లీన్ చేతి పని కనిపెట్టింది. పెరట్లో కోళ్ళగూటి మీద వెర్లీన్ పాత రేకు ముక్కకి రంగులేసి కోడిపుంజునీ, దాని కింద ఒక తిట్టునీ రాసింది. "అయ్యో వెర్లీన్, ఇది కళ!" అంది మిసెస్ గాడిస్. ఆమె తెల్లావిడ, వెర్లీన్ కన్నా చాలా చిన్నది. అయినా ఆమె పేరు పెట్టి "వెర్లీన్" అంటుంది, వెర్లీన్ ఆమెని "మేడమ్" అంటుంది. ఆ ఊళ్ళో అదెవరికీ వింతగా తోచదు. మిసెస్ గాడిస్ సలహా ఏమిటంటే, రోజెల్ పాటల్లోంచి ఒక్కో ముక్క తీసుకుని రేకుల మీద బొమ్మతో సహా రాస్తే ఉత్సవంలో జానపద కళల డేరాలో పెట్టొచ్చు. జనం ఎగబడతారు. ఎగబడ్డారు కూడా. ఫ్యాక్టరీ నుంచి వచ్చి, వంట చేసి, అత్త కాళ్ళకి నూనె రాసి, అప్పుడు రేకులు ముందేసుకుని వెర్లీన్ తన మాటలే తన చేత్తో అందంగా రాసేది. చివర్లో రోజెల్ వచ్చి మేకుతో కింద తన పేరు గీకేవాడు. ఆ గీత ఉంటేనే కొంటారట. "నీ చెయ్యి, నా పేరు. మొగుడూ పెళ్ళాలంటే అంతే కదా" అని నవ్వేవాడు. ఆమె కూడా నవ్వేది. ఆ నవ్వు దవడ దగ్గరే ఆగిపోతోందని ఆమెకొక్కదానికే తెలుసు.

ఇన్ని పోయినా ఒక్క మాట మాత్రం అతను తీసుకోలేదు. ఆ ఒక్కదాన్ని చూసుకునే ఆమె మిగతా వాటిని క్షమించుకుంటూ వచ్చింది.

చాలా ఏళ్ళ కిందట వాళ్ళకి కొడుకు పుట్టి మూడో రోజున ఆస్పత్రిలో పోయాడు. ఎజ్రా అని పేరు పెట్టారు. వారం గడవకుండానే అత్త అంది, "ఇంట్లో కూర్చుని ఏడిస్తే తిరిగొస్తాడా? పనికి పో, మనసు మళ్ళుతుంది." ఫ్యాక్టరీ వాళ్ళు కూడా రాకపోతే ఇంకొకరిని పెట్టుకుంటామని కబురు పెట్టారు. వెళ్ళింది. రబ్బరు బూట్లు, నెత్తికి వల, ముందు ప్లాస్టిక్ తొడుగు. మధ్యాహ్నం తిండి గదిలో తొడుగు విప్పేసరికి లోపలి తెల్లకోటు రొమ్ముల దగ్గర రెండు వైపులా తడిసి ముద్దయి ఉంది. సూపర్‌వైజరు గుమ్మంలోనే నిలబడి చూశాడు. "ఏంటి వెర్లీన్, చేపలతో పాటు పాల డిపో కూడా తెరిచావా?" అన్నాడు. మగవాళ్ళు నవ్వారు. కొందరు ఆడవాళ్ళు కూడా, ఉద్యోగాల భయం కొద్దీ, నవ్వినట్టు పళ్ళు కనబరిచారు. లూవెనియా ఒక్కతే తన తువ్వాలు తెచ్చి ఆమె మెడ చుట్టూ వేసింది. పాయిఖానాకి కూడా అడిగి వెళ్ళాల్సిన చోటు అది. అడిగి, వెళ్ళి, తొట్టిలోకి పాలు పిండేసి, వచ్చి మళ్ళీ కత్తి పట్టుకుంది.

ఆ సాయంత్రం అదే కోటుతో వంటింట్లో నిలబడి, "పాపడు పోయాడని పాలకెవరూ చెప్పలేదు, రోజెల్" అంది.

అతను ఇంకోసారి అనమనలేదు. పెదవులు కదపలేదు. వచ్చి పట్టుకున్నాడు, ఆ తడి తన చొక్కాకి అంటుకునేలా. చాలాసేపు అలాగే ఉన్నాడు. ఆ తర్వాత మళ్ళీ ఆమె కడుపు పండలేదు. "నేల మంచిదైతే విత్తు ఊరికే పోదు" అని అత్త ఎన్నిసార్లు ఎత్తిపొడిచినా, ఆ సాయంత్రం గుర్తు తెచ్చుకుని వెర్లీన్ ఊరుకునేది. నా మొగుడికి ఎక్కడ ఆగాలో తెలుసు అనుకునేది.

ఇస్త్రీ చేసిన ఆ చొక్కా వేసుకుని ఆ శనివారం మధ్యాహ్నం రోజెల్ కోర్టు ముందున్న పచ్చిక మీద, ఉత్సవం స్టేజీ ఎక్కాడు. వెర్లీన్ చర్చి ఆడవాళ్ళ దుకాణంలో లూవెనియా పక్కన నిలబడి, మరిగే నూనెలో చేప ముక్కలు వదులుతోంది. చెమట కళ్ళలోకి కారుతోంది. ఇస్త్రీ పెట్టె పాట వచ్చింది, జనం ఈలలు వేశారు. తర్వాత రోజెల్ మైకు దగ్గరికి జరిగి, "ఇది చాలా ఏళ్ళుగా నా గుండెల్లో ఉన్న పాట. ఇవాళే మొదటిసారి బయటికి తీస్తున్నాను" అన్నాడు. ఒక్క తీగ మీటాడు.

పాపడు పోయాడని పాలకెవరూ చెప్పలేదు...
పాపడు పోయాడని పాలకెవరూ చెప్పలేదు...
ఏటికి చెప్పాను నేను, రైలుకి చెప్పాను, నా గుండెకే చెప్పలేదు.

పచ్చిక మీద విసనకర్రలు ఆగిపోయాయి. నూనెలో ముక్కలు మాడుతున్నా వెర్లీన్ చెయ్యి గరిటె దగ్గరికి పోలేదు. లూవెనియా మెల్లిగా తల తిప్పి ఆమె వైపు చూసింది, వెంటనే చూపు దించుకుంది. అంతటి మగాడు పాట చివర కళ్ళు తుడుచుకున్నాడు. అవి దొంగ కన్నీళ్ళు కావు. ఆ సంగతి వెర్లీన్‌కి అక్కణ్ణుంచే తెలిసింది, అందుకే ఇంకా మండింది. పాటలో ఫ్యాక్టరీ లేదు. తెల్లకోటు లేదు. నవ్విన మగవాళ్ళు లేరు. ఏటి ఒడ్డున నిలబడి ఏడుస్తున్న ఒక మగవాడున్నాడు, అంతే. పాలు ఎవరికొచ్చాయో పాటలో ఎక్కడా లేదు.

ఎక్కణ్ణుంచో వచ్చిన ఒకావిడ, ఎర్రబడ్డ కళ్ళతో, ఖాళీ పళ్ళెం పట్టుకుని దుకాణం దగ్గరికి వచ్చింది. "మీరు ఆయన భార్యట కదా! ఎంత అదృష్టవంతులు! ఒక మగవాడికి ఆ బాధ ఎలా తెలిసిందో అసలు!"

"నిమ్మకాయ ముక్క వెయ్యమంటారా అమ్మా?" అంది వెర్లీన్.

మర్నాడు చర్చి నుంచి వచ్చి భోజనానికి కూర్చున్నాక వెర్లీన్ అంది. "అది వదిలెయ్యాల్సింది రోజెల్."

ఏదని అతను అడగలేదు. రొట్టె తుంచుతూ, "వాడు నాకు మాత్రం కొడుకు కాదా?" అన్నాడు.

"కొడుకు నీక్కూడా. పాలు నావి."

"సిగ్గులేకపోతే సరి!" అంది అత్త. "ఆదివారం పూట, అన్నాల దగ్గర, పాలూ రొమ్ములూనా?"

రోజెల్ తల్లి మాట పట్టించుకోలేదు. రొట్టె పళ్ళెంలో పడేశాడు. "నాకు మాటలు రావే వెర్లీన్. దేవుడు వేళ్ళిచ్చాడు, గొంతిచ్చాడు. మాట మాత్రం ఇవ్వలేదు. వాడు పోయినప్పుడు నాలో ఏదో ఉంది, ఇప్పటికీ ఉంది, దానికి పేరు పెట్టడం నాకు చేతకాలేదు. నువ్వు పెట్టావు. నీ మాట తప్ప నా దగ్గర ఇంకేముంది? ఆ బాధ నేనెక్కడ దాచుకోవాలి?"

ఆమెకి జాలేసింది. అదే ఆమె జబ్బు. ఈ ఇంట్లో ఎవరికి నొప్పి కలిగినా ముందు ఆమెకే జాలెయ్యాలి, ఆ జాలి మింగి ఆమె గిన్నెలు కడగాలి. అతనికి మాటలు రావు కాబట్టి ఆమె మాటలు అతనివి. అతనికి వంట రాదు కాబట్టి వంట ఆమెది. ఏది రాకపోయినా అతనికి కలిసొచ్చేదే, ఏది వచ్చినా ఆమెకి పని పెరిగేదే. ఇంత కాలం దీన్ని కాపురం అనుకుందా తను?

"మాటలు రాకపోతే ఏడవాల్సింది" అంది. "ఏడుపుకి మాటలక్కర్లేదు."

ఆ వారంలోనే మిసెస్ గాడిస్ కేకు పట్టుకుని వచ్చింది. ఆ పాట విని మెంఫిస్ రికార్డు కంపెనీ వాళ్ళు ఫోన్ చేశారట. కోర్టు ఎదుట పాత విత్తనాల కొట్టు గోడ ఖాళీగా ఉంది కదా, దాని మీద ఆ పాటని పెద్ద బొమ్మగా వేయించాలని కమిటీ తీర్మానించిందట. రంగుల ఖర్చు చేపల ఫ్యాక్టరీ యజమాని భరిస్తాడట. "రోజెల్ మాట, నీ బొమ్మ! కింద రోజెల్ టూమర్ అని దూరానికి కనబడేలా రాయాలి."

వెర్లీన్ కుదరదని చెప్పడానికే నోరు తెరిచింది. కానీ ఆ గోడ ఆమె కళ్ళ ముందు నిలబడింది. అంత పెద్ద గోడ. వాళ్ళ నాన్నకి కూడా అంత గోడ ఎన్నడూ దొరకలేదు.

"బొమ్మ నా ఇష్టమేనా మేడమ్?"

"అయ్యో, పూర్తిగా నీ ఇష్టమే. ఏరో, చందమామో, ఖాళీ ఉయ్యాలో..."

"మాటలు రాయను. బొమ్మ ఒక్కటే వేస్తాను. మాటలు ఎలాగూ అందరికీ నోటికొచ్చేశాయి."

"ఎంత బాగా చెప్పావు!" అని మిసెస్ గాడిస్ చప్పట్లు కొట్టింది.

రోజూ పనయ్యాక, వేసవి ఎండ ఇంకా దిగకుండానే, తండ్రి వదిలిపోయిన నిచ్చెన ఎక్కి వేసింది. ఆ రోజుల్లో ఇంట్లో వంట ఆలస్యమయ్యేది. "ఆకలేస్తోందే" అని రోజెల్ ఇంట్లోంచి కేకేస్తే వినబడని దూరంలో ఉండటం ఆమెకి కొత్తగా ఉంది. చేతులు నొప్పి పుట్టేవి గానీ, ఆ నొప్పిలో ఒక దొరతనం ఉంది. దారిన పోయేవాళ్ళు ఆగి చూసేవారు. కింద నీలం వేస్తుంటే ఏరనుకున్నారు. అది ఫ్యాక్టరీ నేల మీద ఎప్పుడూ పారే నీళ్ళని, దాంట్లో రబ్బరు బూట్లు వేశాక తెలిసింది. పైన నిలువెత్తు నల్లని ఆడమనిషి. నెత్తికి వల. కుడిచేతిలో చేపలు కోసే కత్తి. ఎవరి వైపూ చూడకుండా తిన్నగా ఎదురుగా చూసే మొహం. తెల్లకోటు. చివరి సాయంత్రం ఆ కోటు మీద రొమ్ముల దగ్గర రెండు తడి మచ్చలు వేసింది. తెలుపులో బూడిద రంగూ, చిటికెడు నీలమూ కలిపి, ముట్టుకుంటే వేళ్ళకి అంటుకుంటుందేమో అన్నట్టు వేసి, నిచ్చెన దిగి, కుంచెలు కడుక్కుంది.

మర్నాటికి ఊరు కోర్టు ముందు మూగింది. పాట విని ఏడ్చిన వాళ్ళే బొమ్మని చూసి మొహం తిప్పుకున్నారు. ఒకాయన మనవరాలి కళ్ళు చేత్తో మూసి లాక్కుపోయాడు. పాస్టరు గొంతు సవరించుకుని చర్చి వైపు నడిచాడు. మిసెస్ గాడిస్ మొహం కందిపోయింది.

"వెర్లీన్, ఇది పిల్లలు తిరిగే చోటు."

"పిల్లల కోసమే వస్తాయి మేడమ్ పాలు."

"అది కాదు... పాటలో ఎంత అందంగా ఉంది! ఎంత హుందాగా ఉంది!"

"పాటలో ఒళ్ళు లేదు మేడమ్."

మధ్యాహ్నం తిండి వేళ లూవెనియా, ఇంకో పదిమంది ఆడవాళ్ళు ఫ్యాక్టరీ నుంచి బూట్లతోనే నడిచి వచ్చారు. గోడ ముందు నిలబడ్డారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒకామె మాత్రం తన కోటు ముందు భాగం ఊరికే సర్దుకుంది. తర్వాత పనికి ఆలస్యమవుతుందని గబగబా వెళ్ళిపోయారు. వాళ్ళు వెళ్ళిన విషయం ఆఫీసుకి చేరింది. మర్నాడు వెర్లీన్‌ని కోత వరస నుంచి తీసి, పేగులు లాగే బల్ల దగ్గర వేశారు. ఆనాటి సూపర్‌వైజరు ఇప్పుడు మేనేజరు. "అక్కడైతే ఎలాగూ బట్టలు తడుస్తాయి, నీకు అలవాటే" అన్నాడు.

ఇంట్లో రోజెల్ కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. "ఆ మనిషికి ఒక ఆప్రాన్ వెయ్యవే. దాచెయ్యి, అంతే. ఊరంతా నా పెళ్ళాం రొమ్ములు చూస్తున్నట్టుంది నాకు."

"ఊరంతా నా పాలని నోరారా పాడుకున్నప్పుడు అనిపించలేదా?"

"అది వేరు."

"ఎలా వేరో చెప్పు."

అతనికి మాట దొరకలేదు. ఎప్పుడూ దొరకదు. కానీ ఈసారి ఆమె అందించలేదు.

మదర్ టూమర్ ఎవరికీ చెప్పకుండా, చేతికర్ర పట్టుకుని, ఒక్కతే కోర్టు దాకా నడిచి వెళ్ళి వచ్చింది. వచ్చి, వంటింట్లో కూర్చుని, చిక్కుళ్ళు ముందేసుకుని ఒలవడం మొదలుపెట్టింది. వెర్లీన్ తిట్లకి సిద్ధంగా నిలబడింది. ముసలావిడ తల ఎత్తకుండానే మాట్లాడింది.

"నాకు పత్తి చేలో వచ్చాయి. రోజెల్ కన్నా ముందు ఒక ఆడపిల్ల. నీకు తెలీదు, వాడికీ తెలీదు. దాన్ని పూడ్చిన మూడోనాడే చేలోకి దింపారు. వంగి ఏరుతుంటే కారిపోయి సంచీ అంతా తడిసింది. సాయంత్రం తూకం వేసేవాడు, తడి పత్తి తెచ్చి బరువు ఎక్కువ చూపిద్దామనుకున్నావా అని కూలి కోశాడు. తడి ఎందుకైందో నేను చెప్పలేదు. చెప్పడానికి మాటేదీ?" చిక్కుడు గింజ ఒకటి వేళ్ళలోంచి జారి కింద పడింది. దాన్ని తీసి గిన్నెలో వేసింది. "నువ్వు వేసిన మచ్చలు చిన్నవి. అంతకంటే ఎక్కువే వస్తాయి."

వెర్లీన్ ఆవిడ పక్కన కూర్చుంది. చేయి పట్టుకుందామనుకుంది గానీ ఆ ఇంట్లో అలవాటు లేదు. తనూ చిక్కుళ్ళు తీసుకుని ఒలిచింది.

కాసేపటికి ముసలావిడ గొంతు మామూలైంది. "ఇది గనక నా కొడుకు పాటలోకి ఎక్కిందో, నీ సంగతి చూస్తాను."

"ఎక్కదు మదర్ టూమర్."

ఆ శనివారం ఫ్యాక్టరీలో పని ఉంది. పని ముగించుకుని ఊళ్ళోకి నడిచి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. చేతులకి పేగుల వాసన పోలేదు. కోర్టు ముందు జనం లేరు. గోడకి సున్నం. నెత్తి వల లేదు, మొహం లేదు, తెల్లకోటంతా తెల్లటి గోడలో కలిసిపోయింది. కింద రబ్బరు బూట్లు మాత్రం మిగిలాయి. నిచ్చెన మీద, ఆమె తండ్రి నిచ్చెన మీద, రోజెల్ ఉన్నాడు.

ఆమెని చూసి కుంచె బక్కెట్లో వేసి దిగాడు. జుట్టు మీదా కనుబొమల మీదా సున్నం చుక్కలు పడి, ఉన్న వయసు కన్నా ముసలిగా కనబడ్డాడు.

"నీ కోసమేనే. నీ ఉద్యోగం ఊడుతుందన్నారు. మెంఫిస్ వాళ్ళు కూడా వస్తున్నారు, ఈ గొడవ చూస్తే... కమిటీ వాళ్ళు ఎలాగూ చెరిపేస్తారు. ఎవడో ముక్కూమొహం తెలీనివాడు చెరిపితే నీకు ఇంకా బాధ కదా అని, నేనే చేస్తానన్నాను."

ఆమె గోడ వైపు చూసింది. సున్నం శ్రద్ధగా వేశాడు. ఎక్కడా చారలు లేవు. ఇంట్లో ఏ పనీ ఇంత నేర్పుగా చెయ్యగా ఆమె ఎన్నడూ చూడలేదు.

"ఏదో ఒకటి అనవే వెర్లీన్. తిట్టు. కొట్టు కావాలంటే."

అతను ఎదురుచూస్తున్నాడు. తల కొంచెం పక్కకి వాల్చి, చెవి ఆమె వైపు పెట్టి. తిడితే ఆ తిట్టు ఎక్కడికి పోతుందో ఆమెకి తెలుసు. ఏడిస్తే ఆ ఏడుపు ఏ తీగ మీద వాలుతుందో తెలుసు. నోట్లోకి వచ్చినవన్నీ, మంచివీ పదునైనవీ, ఒక్కొక్కటే లోపలికి నెట్టేసింది. ఆమె గొంతు చాలా మామూలుగా ఉంది, కూరలో ఉప్పు సంగతి చెబుతున్నట్టు.

"ఎజ్రాని తీసుకెళ్ళే ముందు నర్సు ఒక్క నిమిషం నా చేతుల్లో పెట్టింది. నువ్వు కారు తేవడానికి వెళ్ళావు. అప్పుడు వాడి చెవిలో ఒక మాట చెప్పాను. తండ్రివి కదా, నీకూ చెప్పాలని ఇన్నాళ్ళూ అనుకుంటూ వచ్చాను. ఒక మంచి రోజు చూసి చెబుదామనుకున్నాను. ఇక చెప్పను."

రోజెల్ మొహంలోంచి పాటగాడు దిగిపోయాడు. వేళ్ళు తొడ మీద తాళం వెయ్యలేదు, పెదవులు ఏమీ వల్లించలేదు. సున్నం చేతులు రెండూ పక్కకి వేలాడేసుకుని, పిల్లాడు పోయిన తండ్రి ఒకడు ఆ గోడ ముందు నిలబడ్డాడు. ఇన్నేళ్ళలో ఆమె అతన్ని అలా చూడటం అదే మొదలు.

"పాటలో పెట్టను" అన్నాడు. "ఎవరికీ చెప్పను. ఎప్పటికీ. వాడి మీద ఒట్టు, వెర్లీన్."

అతను నిజమే చెబుతున్నాడని ఆమెకి తెలుసు. అయినా చెప్పలేదు.